ఈఎంఐ తెలిస్తే వడ్డీ రేటు కనుక్కోవడం ఎలా?

మీ ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఒక షోరూమ్‌వాళ్లు బైక్‌కి లక్ష అప్పు ఇస్తామన్నారు, 36 నెలలు, నెలకు 3,611 రూపాయలు. వడ్డీ 10 శాతమే అంటున్నారు. సూత్రం నుంచి రేటు రాబట్టేదెలా?

సూత్రం ఇది:

అప్పు ÷ ఈఎంఐ = [1 − (1+వ)^(−36)] ÷ వ

'వ' అంటే నెలసరి వడ్డీ. ఎంత అటూ ఇటూ తిప్పినా 'వ' ఒక్కటే ఒకవైపుకు రాదు. విప్పి చూస్తే అది 36వ ఘాతం సమీకరణం. ఐదో ఘాతం నుంచి, మామూలు లెక్కలతో, వర్గమూలం లాంటి మూలాలతో రాసే సాధారణ సూత్రమంటూ ఉండదని గణితవేత్త ఏబెల్ 1824లోనే నిరూపించాడు. కాబట్టి తప్పు మీ ఆల్జీబ్రాది కాదు.

ఒక విలువ ఊహించి, సరిచూసుకోవడమే దారి. ఎడమవైపు 27.69. వ = 0.015 వేస్తే కుడివైపు 27.66 వస్తుంది, 0.014 వేస్తే 28.13. అంటే జవాబు 1.5 శాతానికి ఆనుకుని కాస్త కింద, సుమారు 1.493. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 17.9 శాతం!

మరి ఆ 10 ఎక్కడిది? అది ఫ్లాట్ రేటు. అసలు మొత్తం నెలనెలా తీరుతున్నా, మూడేళ్లూ మొదటి లక్ష మీదే వడ్డీ లెక్కగట్టి 30,000 కలిపేశారు.

ఎక్సెల్‌లో రేట్ ఫంక్షన్‌కి వరసగా 36, −3611, 100000 ఇస్తే నెల రేటు వచ్చేస్తుంది. ఈఎంఐకి మైనస్ మరిచిపోతే ఎర్రరే (నేనూ ఓసారి అరగంట తల పట్టుకున్నాను). ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే, లక్ష బదులు చేతికొచ్చే మొత్తం వేయండి. రేటు ఇంకా పైకెళ్తుంది.