మోటారు ముచ్చట్లు: మిలిటరీ లారీ వెనక బల్ల

పోయిన నెల స్కూలు బస్సుల గురించి రాసినప్పటి నుంచి మిలిటరీ బండ్ల మీద ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువ భాగం జవాన్ల ఇళ్ల నుంచే. ఉత్తరాల భాషను మేం ముట్టుకోలేదు.

మా పెద్దోడు ఏఎస్‌సీల డ్రైవర్. సెలవుకొచ్చినప్పుడు ఫోన్ల ఫొటోలు చూపించిండు. లారీ వెనక ఎదురెదురు బల్లల మీద పిల్లలు కూసున్నరు, ఒక్కరికి బెల్టు లేదు. కారుల బెల్టు పెట్టుకోకుంటే చలానా రాస్తరు గద, వీళ్లకెందుకు లేదు?
— ఒక తల్లి, హుజూరాబాద్

అసలు సంగతి మీరే పట్టుకున్నారమ్మా. ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే విభాగంలో, మీ అబ్బాయి నడిపే స్టాలియన్ అనే పెద్ద లారీ గానీ, దానికన్నా చిన్నదైన టాటా రెండున్నర టన్నుల బండి గానీ పుట్టుకతో సామాను బండ్లు. రేషన్, టెంట్లు, డ్రమ్ములు మోసే తొట్టికి రెండు పక్కలా బల్లలు దించితే మనుషుల బండి, మడిస్తే మళ్లీ సామాను బండి. బెల్టు మనిషిని ఆపాలంటే సీటు చట్రానికి బిగిసి ఉండాలి, మనిషి బండి పోయే దిక్కుకే చూస్తూ కూర్చోవాలి. పక్కకు తిరిగి కూర్చున్నవాడికి నడుం బెల్టు కట్టినా, బ్రేకు పడగానే నడుం ఆగి పైభాగం పక్కకు మెలిపడుతుంది.

కాబట్టి బెల్టు చేయాల్సిన పని అక్కడ క్రమశిక్షణ చేస్తుంది. మొదటిది లెక్క. బల్ల 12 అడుగులుంటే మనిషికి అడుగున్నర చొప్పున 8 మంది. తొమ్మిదోవాడు ‘సర్దుకుంటా’ అంటే ఇంకో బండి చూసుకోవాల్సిందే. రెండోది వరుస. కేబిన్ వైపు నుంచి ఖాళీ లేకుండా నింపుకుంటూ రావాలి. మధ్యలో ఖాళీ ఉంటే, బ్రేకు పడగానే వెనకవాళ్లంతా ఆ ఖాళీలోంచి జారుకుంటూ పోయి ముందువాళ్ల మీద పడతారు. దండలో పూసల్లాగా అందరి ఊపూ చివరికి చేరేది కేబిన్ గోడ పక్కన కూర్చున్నవాడి పక్కటెముకల మీదికి. అందుకే ఆ మూల కునుకు తీసే చోటు కాదు.

సామాను బల్లల కింద పెట్టాలి, లేదా ముందు గోడకు ఆనించి తాడుతో కట్టాలి. నడిమధ్య ట్రంకు పెట్టె వదిలేస్తే బండి ఆగినా పెట్టె ఆగదు. డీజిల్ జెర్రీకేన్లు, గ్యాస్ సిలిండర్లు, మందుగుండు ఉన్న బండిలో మనుషుల్ని ఎక్కించరు. రైఫిల్ ఖాళీ చేసి, మోకాళ్ల మధ్య బట్ కిందికి, నాళం పైకి. పాదాలు నేలకు ఆనాలి, వీపు పక్క పలకలకు ఆనాలి, ఒక చెయ్యి బల్ల అంచు మీద ఉండాలి. మోచెయ్యి బయటికి పెట్టకూడదు. ఎదురొచ్చే బస్సు అద్దం ఎంత దగ్గర నుంచి పోతుందో రోడ్డు మీద ఉండేవాళ్లకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం వెనక డాలా, అంటే తొట్టి వెనక కిందికి దించే పలక. సైన్యంలో టెయిల్‌బోర్డ్ అంటారు. రెండు వైపులా కొండీ పడాలి, గొలుసు తగలాలి, దానిపైన నడుమెత్తులో అడ్డంగా పట్టీయో తాడో ఉండాలి. డాలా మీద కూర్చోవడం అసలే పనికిరాదు. వెనక ఇరుసు దాటిన చోట తొట్టి గాలిలో వేలాడుతున్నట్టే. చక్రం గుంతలో పడి లేస్తే ముందున్నవాడు కదులుతాడు, చివరివాడు ఎగురుతాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ పడి దేనికైనా గుద్దుకుంటే ఆ దెబ్బ 6 మీటర్ల ఎత్తు నుంచి కింద పడ్డదానితో సమానం. రెండంతస్తుల మిద్దె పిట్టగోడ మీద నిలబడి కిందికి చూస్తే 40 అంటే ఎంతో అర్థమవుతుంది.

మీ అబ్బాయి డ్రైవర్ కాబట్టి ఒక్క మాట. వెనక కొండీలు పడ్డాయో లేదో కో-డ్రైవర్ చెబితే నమ్మి బండి కదపకుండా, తానే దిగి చేత్తో లాగి చూసుకోవాలి.

బండి బోల్తా పడేటట్టు ఉంటే వెనక నుంచి దూకితే బతుకుతరా?
— డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

దూకకూడదు. బండి ఏ పక్కకు ఒరుగుతుందో మనిషి కూడా సాధారణంగా ఆ పక్కకే పడతాడు, అతని మీదికి తొట్టి వస్తుంది. పైన కనిపించే ఇనుప కమ్మీలు టార్పాలిన్ నిలబెట్టడానికి వేసినవి. బండి బరువు మోయడం వాటి పని కాదు, తలకిందులైతే అణిగిపోతాయి. ఉన్న ఆసరా పక్క పలకలు, ముందు గోడ. ఒరుగుతున్నట్టు తెలిసిన క్షణంలో పక్కవాళ్లకు వినబడేలా అరవాలి, తల పలక అంచుకన్నా కిందికి దించాలి, బల్ల కాలు గట్టిగా పట్టుకోవాలి. చెయ్యి బయటికి చాపి నేలను ఆపబోతే చెయ్యి పోతుంది.

బోల్తా దాకా రానివ్వకపోవడం డ్రైవర్ చేతిలో ఉంది. మలుపులో బండిని బయటికి నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 30తో తిరిగే మలుపును 45తో తిరిగితే వేగం ఒకటిన్నర రెట్లే, నెట్టే బలం రెండుంపావు రెట్లు. పైగా వెనకున్నవాళ్లు నిలబడితే ఒక్కొక్కరి బరువు అడుగు మేర పైకి జరుగుతుంది. 20 మంది, కిట్‌తో తలా 95 కిలోలంటే దాదాపు 2 టన్నులు పైకి జరిగినట్టు. మలుపులో అందరూ బయటి పక్కకే తూలుతారు కూడా. ‘నిలబడొద్దు’ అని అరిచే హవల్దారుకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

ఘాట్ దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు వేస్తామో అదే గేరులో దిగాలి. నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పోయే మహబూబ్ ఘాట్‌లోనైనా, హిమాలయాల్లోనైనా ఇదే పద్ధతి. బ్రేకు తొక్కుతూనే దిగితే బ్రేకు డ్రమ్ములు కాలి పట్టు తగ్గుతుంది. న్యూట్రల్‌లో దింపి డీజిల్ మిగుల్చుకునే అలవాటు ప్రాణాలు తీస్తుంది. 2022 డిసెంబర్ 23న ఉత్తర సిక్కింలోని జెమా దగ్గర పదునైన మలుపులో జారి లోయలో పడ్డ సైనిక ట్రక్కులో 16 మంది చనిపోయారు. ఆ రోడ్లు మన ఘాట్లంత దయగా ఉండవు.

మిలిటరీ లారీలు వరుసగా పోతుంటే మధ్యల ఖాళీ జాగ ఎక్కువ ఉంటది. మేం నడుమ దూరితే తప్పా?
— లారీ డ్రైవర్, పరకాల

తప్పే. అది ఖాళీ జాగా కాదు, వాళ్ల బ్రేకు జాగా. 60 వేగంలో కాలు బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులో బండి 17 మీటర్లు పోతుంది, ఆగడానికి మరో 28 మీటర్లు కావాలి. మొత్తం 45. అందుకని 50 మీటర్లు వదిలితే మీరొచ్చి దాన్ని 20 చేస్తారు.

ఇంకో సంగతి. వరుసగా పోయే బండ్లు రబ్బరు తాడు లాంటివి. ముందు బండి 40తో పోతున్నా, వెనకబడ్డ చివరి బండి అందుకోవడానికి 60 తొక్కుతుంది. అందుకే తెలివైన కాన్వాయ్ కమాండర్ నిదానంగా పోయే బండిని ముందు పెడతాడు, బాగుచేసే బండిని చివర పెడతాడు. ఓవర్‌టేక్ చేయాల్సి వస్తే మొత్తం వరుస దాటేంత రోడ్డు కనబడాలి, లేదంటే వెనకే ఉండాలి.

మా బాబు ఎన్‌సీసీ. క్యాంపుకు పోయేటప్పుడు ఉంగరం, కడియం తీసేయమన్నరట. లారీకీ ఉంగరానికీ ఏం సంబంధం?
— ఒక తండ్రి, మంచిర్యాల

చాలా ఉంది. డాలా కొండీలో ఉంగరం ఇరుక్కున్న క్షణంలో మనిషి కిందికి దూకితే ఒళ్లంతా ఆ ఒక్క వేలికి వేలాడుతుంది. చర్మం తొడుగులా ఊడి వస్తుంది, ఒక్కోసారి వేలే పోతుంది. డాలా దించాకే, మెట్టు ఉంటే మెట్టు మీదుగా, బండి వైపు ముఖం పెట్టి దిగాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనుకొని ఉండాలి. సంచులు ముందు కిందికి అందించాలి. దూకడం సినిమాలకు బాగుంటుంది, మడమలకు కాదు.

చలికాలం టార్పాలిన్ మొత్తం దించుకుంటే తలనొప్పి వస్తుందని మా తమ్ముడంటడు.
— కామారెడ్డి

వెనక పరదా మాత్రమే తెరిచి ఉంటే పొగ లోపలికే వస్తుంది. కదిలే బండి వెనకాల గాలి సుడి తిరుగుతుంది, సైలెన్సర్ పొగను లోపలికి లాక్కొస్తుంది. ముందు వైపు కూడా కొంచెం తెరిస్తే గాలి ముందు నుంచి వెనక్కి తోస్తుంది. తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టుండడం చలి వల్ల అనుకోవద్దు. బండి ఆపి దిగాలి. ఆగి ఉన్న బండిలో ఇంజన్ నడుపుతూ పడుకోవడం మరీ ప్రమాదం.

మేడారం జాతరకు మా వాడోళ్లం ముప్పై మందిమి డీసీఎంల పోతం. పోలీసోళ్లు ఆపుతరు. మిలిటరోళ్లు పోతే లేని తప్పు మాకెక్కడిది?
— రైతు, నర్సంపేట

వాళ్లకో చట్టం, మీకో చట్టం అన్నది ఇక్కడ సగం నిజమే. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం, వ్యాపారానికి కాక ప్రభుత్వ పనికి తిరిగే ప్రభుత్వ బండికి పర్మిట్ అక్కర్లేదు. 60వ సెక్షన్ కింద రక్షణ శాఖ బండ్ల రిజిస్ట్రేషన్ వేరు. నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు అదే. 146వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వ బండికి ఇన్సూరెన్స్ నుంచి కూడా మినహాయింపు ఇచ్చింది, ఎందుకంటే నష్టం కట్టేది ప్రభుత్వమే.

మీ డీసీఎంకు ఉన్నది సరుకు పర్మిట్. 147వ సెక్షన్‌కు 1994లో చేసిన సవరణతో సరుకు యజమాని, లేదా అతని ప్రతినిధి బండిలో ఉంటే ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. ఊరికే ఎక్కినవాళ్లకు కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పసరా దాటాక అడవిలో బండి బోల్తా పడితే పరిహారం కట్టాల్సింది ఓనరు. ఆయనకున్నది ఆ డీసీఎం ఒక్కటే అయితే ఎవరికేం వస్తుందో ఆలోచించుకోండి. బంగారం (అమ్మవార్లకిచ్చే బెల్లం), కోళ్లు, గిన్నెలు డీసీఎంలో పంపండి, మనుషులు జాతర బస్సెక్కండి. తొట్టి మధ్యలో పలక వేసి పైనా కిందా రెండంతస్తులుగా కూర్చోవడం మాత్రం ఇకనైనా మానాలి. పై అంతస్తువాళ్లకు పక్క పలక మోకాలి ఎత్తు కూడా రాదు.

వాగు పొంగినప్పుడు మిలిటరీ లారీ దాటగలదు గద, మా టిప్పర్ ఎందుకు దాటదు?
— భూపాలపల్లి

మిలిటరీ లారీ కూడా కొట్టుకుపోతుంది. 2016 జూన్ 2న అమెరికాలోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో పొంగిన ఔల్ క్రీక్ అనే వాగులో ఎత్తయిన సైనిక ట్రక్కు తిరగబడి 9 మంది మునిగిపోయారు. పారే నీళ్లు అడుగు లోతుంటే కారును, రెండడుగులుంటే చాలా బండ్లను జరిపేస్తాయి. నీళ్లు బండి అడుగుకు తగలగానే బరువు తేలికవుతుంది, టైర్ల పట్టు పోతుంది. 2023 జులైలో మోరంచపల్లిని ముంచిన మోరంచవాగును చూసినవాళ్లకు ఆ ఉరవడి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మన లో లెవల్ వంతెనలతో ఇంకో చిక్కుంది. పైన బురద నీళ్లు పారుతుంటే కింద అంచు కోసుకుపోయిందో, మధ్యలో గండి పడిందో కనబడదు. నీళ్లు పూర్తిగా దిగాక నడిచి వెళ్లి, కర్రతో రెండంచులూ పొడిచి చూడాలి. ఆ తర్వాత మనుషుల్ని దింపి, డ్రైవర్ ఒక్కడే ఖాళీ బండిని తక్కువ గేరులో, గేరు మార్చకుండా దాటించాలి. మిగతావాళ్లు నడిచి వచ్చి అవతల ఎక్కాలి. దాటిన వెంటనే రెండు మూడు సార్లు మెల్లగా బ్రేకు తొక్కితే తడిసిన లైనర్లు ఆరతాయి.