పత్తి లారీ ఎత్తెంత?

కర్నూలు

అమ్మాయీ,

నీ కథ చేరింది. కవరు మీద స్టాంపులు తక్కువ అంటించావు, పోస్ట్‌మన్‌కు పది రూపాయలు కట్టి తీసుకున్నాను. కథ బాగుండి ఉంటే ఆ పది రూపాయల మాట ఎత్తేవాణ్ణి కాదు.

ఆదోనిలో కూర్చుని, ఇంతవరకు విమానం ఎక్కకుండా అహ్మదాబాద్ విమాన ప్రమాదం మీద కథ రాయడం తప్పేమీ కాదు. మన కవుల్లో యుద్ధానికి పోయి వచ్చి యుద్ధ వర్ణన చేసినవాళ్ళు ఎంతమంది? నేను కూడా అరవై దాటాకే విమానం ఎక్కాను. ఎక్కినంతసేపూ బెల్టు విప్పలేదు, అది వేరే కథ.

నా పేచీ మూడో పేజీతో. అక్కడ ‘మృత్యువు రెక్కలు విప్పుకుని వచ్చింది’ అన్నావు. నాలుగు లైన్లు పోయాక ‘విధి ముందు మనిషెంత’ అన్నావు. చివర్లో ‘పైలట్ చేసిన చిన్న పొరపాటు వందల ప్రాణాలు తీసింది’ అని ముగించావు. ప్రమాదం ఎందుకు జరిగిందో మూడుసార్లు చెప్పావు. మూడుసార్లూ చెప్పనట్టే ఉంది.

ఈ పని నేనూ చేసినవాణ్ణే. విలేకరిగా ఉన్న రోజుల్లో ఒక తెల్లవారుజామున లారీ బోల్తా పడి డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. ఎలా జరిగిందని అడిగితే ‘నిద్రమత్తు’ అన్నారు. అదే రాసి పంపాను, నాలుగు లైన్ల వార్త. పది రోజులకు ఒక ముసలామె ఆఫీసుకు వచ్చింది. వక్కాకు సంచిలోంచి మడతలు పెట్టిన పేపరు ముక్క తీసి, నా బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. ‘ఇది రాసింది నువ్వేనా నాయనా’ అంది. డ్రైవరు తల్లి. లారీని లేపాక మెకానిక్కు చూస్తే స్టీరింగు రాడ్డు విరిగి ఉందట. దాన్ని మార్చమని కొడుకు ముందు వారమే అడిగితే, ‘ఈ ట్రిప్పు పోయిరా, చూద్దాం’ అన్నాడట ఓనరు. ఆమె తిట్టలేదు. ‘నా కొడుకు బండి మీద నిద్రపోయే రకం కాదు’ అని మాత్రం అంది. సవరణ వేయమని పైవాళ్ళను అడిగాను, వేయలేదు. ఆ పేపరు ముక్క అంచులకు వక్క రంగు పట్టి ఉండటం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

అందుకే నీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

ముందు ఒక తప్పు దిద్దుకో. ‘ఇంజిన్లు ఆగగానే విమానం రాయిలా పడిపోయింది’ అని రాశావు. రాయిలా పడదు. పది కిలోమీటర్ల ఎత్తులో పోయే పెద్ద విమానానికి అన్ని ఇంజిన్లూ ఆగినా, గాలిలో జారుకుంటూ నూరు కిలోమీటర్లకు పైగానే పోగలదు. మన కర్నూలు నెత్తిన ఆగిందనుకో, అనంతపురం దాకా పోవచ్చు. 1983లో కెనడాలో ఇంధనాన్ని కిలోల్లో కొలవాల్సింది పౌండ్ల లెక్కన పోసుకుని బయల్దేరిన బోయింగ్ 767 ఒకటి, దారిలో ఖాళీ అయిపోయి, అలాగే జారుతూ వచ్చి ఒక పాత రన్‌వే మీద దిగింది. అందరూ బతికారు. ఎత్తు ఉంటే టైం ఉంటుంది. పైలట్ పుస్తకం తీసి చూసుకుంటాడు, పక్కవాణ్ణి అడుగుతాడు, కింద ఎక్కడ దిగాలో వెతుక్కుంటాడు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు వీటిలో ఒక్కదానికీ వ్యవధి ఉండదు. లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఇన్ని ప్రమాదాలు జరగడానికి మూలం ఇదే. లేచాక మూడు నిమిషాలు, దిగేముందు ఎనిమిది నిమిషాలు గండమని విమానాలవాళ్ళలో ఒక లెక్క ఉంది. పదివేల అడుగుల కింద ఉన్నంతసేపూ కాక్‌పిట్‌లో పనికి పనికిరాని మాట ఒక్కటీ ఆడకూడదని అమెరికాలో 1981లో రూలే పెట్టారు. నీ పైలట్లేమో రన్‌వే మీదికి పోతూ చెల్లెలి పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ పేరా కొట్టేశాను.

దాని చోట్లో ఏం పెట్టాలో చెప్తాను. విమానం రన్‌వే మీద పరుగు తీస్తున్నప్పుడు కెప్టెన్ చెయ్యి ఇంజిన్ల లీవర్ల మీద ఉంటుంది. ఏదైనా తేడా వస్తే వెంటనే వెనక్కి లాగి ఆపడానికి. ఒక వేగం దాటగానే పక్కవాడు ‘వీ వన్’ అంటాడు. ఆ మాట వినపడగానే కెప్టెన్ లీవర్ల మీద నుంచి చెయ్యి తీసేస్తాడు. ఇక ఇంజిన్ ఒకటి మండుతున్నా పైకి లేవాల్సిందే, ఆగడానికి ముందు రన్‌వే మిగలదు. నువ్వు ‘ఉత్కంఠభరితమైన క్షణం’ అని రాసిన చోట ఆ చెయ్యి తీయడాన్ని రాయి. ఆ మాట నీకిక అవసరం పడదు.

ఇప్పుడు నీ ఊరి సంగతికి వస్తాను. 1993 ఏప్రిల్ 26, ఔరంగాబాద్. మిట్టమధ్యాహ్నం, ఎండ. ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737లో 118 మంది. ఎండకు గాలి పల్చబడుతుంది, మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. పల్చని గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలమూ తగ్గుతుంది, కాబట్టి ఎక్కువ దూరం పరుగెత్తితే గానీ లేవదు. మన మే నెల తెలిసిన మనిషికి ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. ఆ విమానం ముక్కు ఎత్తడం ఆలస్యమైంది. రన్‌వే అవతల రోడ్డు. రోడ్డు మీద ఒక లారీ. విమానం చక్రాలు ఆ లారీని తాకాయి, తర్వాత కరెంటు తీగలకు తగిలి కూలింది. 55 మంది పోయారు. లారీలో ఏమున్నాయో తెలుసా? పత్తి బేళ్ళు.

అమ్మాయీ, మీ నాన్న ఇరవై ఏళ్ళుగా జిన్నింగ్ మిల్లుల నుంచి బేళ్ళు తోలుతున్నాడని నువ్వే రాశావు. బేళ్ళు ఎలా పేరుస్తారో, మోకులు ఎక్కడ బిగిస్తారో, గాలికి పట్టా ఎలా కొట్టుకుంటుందో నీకు తెలిసినంత ఏ పైలట్‌కు తెలుసు? ఇవన్నీ ఇంట్లో పెట్టుకుని, ఎప్పుడూ చూడని కాక్‌పిట్ కోసం అహ్మదాబాద్ దాకా పోయావు.

ఆ ప్రమాదం మీద విచారణ జరిపినవాళ్ళు పైలట్లు ఆలస్యంగా, సరికాని పద్ధతిలో ముక్కు ఎత్తారని రాశారు. అక్కడితో ఆపలేదు. విమానాలు తిరిగే వేళల్లో బీడ్ అనే ఊరికి పోయే ఆ రోడ్డు మీద బండ్లను ఆపే ఏర్పాటు లేకపోవడాన్ని కూడా కారణాల్లో చేర్చారు. రైల్వే గేటు దగ్గర మనం రోజూ చూసే పని, అక్కడ చేసే మనిషి లేడు. నీ కథకు హీరో కావాలంటే ఆ లేని మనిషిని పట్టుకో.

దిగేటప్పటి ప్రమాదాల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది మంగళూరు. 2010 మే 22 పొద్దున, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం. 166 మందిలో 158 మంది పోయారు, ఎనిమిది మంది మిగిలారు. బ్లాక్ బాక్సులోని మాటల రికార్డులో రెండు గంటలకు కొంచెం ఎక్కువ పడింది, అందులో మొదటి గంటన్నరకు పైగా మాటల్లేవు. కెప్టెన్ గురక వినపడింది.

చూశావా, ఇక్కడ నిజంగానే నిద్ర ఉంది. నా నాలుగు లైన్ల వార్త ఇక్కడైతే సరిపోయేదే అనిపిస్తుంది కదూ? సరిపోదు. ఆ రోజుల్లో అక్కడి రాడార్ పనిచేయక, విమానాన్ని ఎప్పటికన్నా ఆలస్యంగా కిందికి దించాల్సి వచ్చింది. ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు ఎత్తులో వచ్చింది. నిద్ర లేచిన మనిషికి తల తేరుకోవడానికి టైం పడుతుంది. అయినా దించేద్దామనుకున్నాడు. పక్కనున్న కో పైలట్ ‘గో అరౌండ్’ అన్నాడు, అంటే ఇప్పుడు దిగొద్దు, పైకి లేచి చుట్టు తిరిగి మళ్ళీ వద్దామని. మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు, ఇతను తానే కంట్రోల్స్ అందుకోలేదు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో అయిదు వేలు దాటాక చక్రాలు నేల తాకాయి. ఆపడం మొదలుపెట్టి, మళ్ళీ మనసు మార్చుకుని లేపబోయాడు. రన్‌వే అవతల యాంటెన్నాను నిలబెట్టిన కాంక్రీటు కట్టడం ఉంది, రెక్క దానికి కొట్టుకుంది. ఆ తర్వాత లోయ.

నిద్ర, రాడార్, పంతం, కాంక్రీటు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆ పొద్దున వేరేగా తెల్లవారేదేమో. నన్నడిగితే ఇందులో కథ ఆ మూడుసార్ల దగ్గర ఉంది. మొదటిసారి ఏ గొంతుతో అని ఉంటాడు, మూడోసారి ఏ గొంతుతో? నువ్వు రాయగలవు. పెద్దవాళ్ళ ముందు నోరెత్తకపోవడం మన ఇళ్ళలో మర్యాద. పెళ్ళిచూపుల్లో మీ పెదనాన్న నోరు జారితే ఆపలేక చీర కొంగు నలిపావని పోయినసారి కథలో రాశావు చూడు, ఆ కొంగు ఇక్కడికి తీసుకురా.

చిన్నవాడు పెద్దవాడికి అడ్డం చెప్పడం విమానాల్లో పాఠంగా నేర్పుతారు ఇప్పుడు. దానికి ముందు 1977లో టెనరీఫ్ అనే దీవిలో, పొగమంచులో, రన్‌వే మీద రెండు జంబో జెట్లు గుద్దుకుని 583 మంది పోవాల్సి వచ్చింది. అక్కడ కూడా, లేవబోతున్న విమానం కాక్‌పిట్‌లో ఉన్న ఇంజినీరు ‘అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమో’ అని అనుమానపడ్డాడు. కెప్టెన్ లేదని తేల్చేశాడు. ఇంకోటి కూడా జరిగింది, మాటలతో బతికేవాళ్ళం కాబట్టి మనం గుర్తుంచుకోవాల్సింది. పైలట్ ‘టేకాఫ్‌లో ఉన్నాం’ అన్నాడు. బయల్దేరుతున్నామని అతని ఉద్దేశం, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నామని టవర్లో ఉన్న మనిషి అనుకున్నాడు. అదే క్షణంలో రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడటంతో ఆగమన్న మాట గీపెట్టే మోతలో కలిసిపోయింది. అప్పటినుంచి అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అనే మాటే వాడరు, ‘డిపార్చర్’ అంటారు. ఒక మాటను ఇంత పొదుపుగా దాచుకోవడం మన కవిసమ్మేళనాల్లో నేను చూడలేదు.

కోళికోడ్ గురించి నువ్వు రాసిన పేరా ఫర్వాలేదు గానీ, ‘ప్రకృతి పగబట్టింది’ అన్నది తీసెయ్. 2020 ఆగస్టు 7న అక్కడ వాన ఉంది, నిజమే. కెప్టెన్ వైపు అద్దం మీది వైపరు సరిగ్గా పనిచేయలేదు, అది రాయలేదేం? మొదటిసారి దిగబోయి లేచిపోయాడు, మంచిపనే. రెండోసారి రెండో వైపు నుంచి వచ్చాడు, వెనక నుంచి గాలి తోస్తోంది. తూర్పార పట్టే ఏ రైతును అడిగినా గాలి ఎటుందో చూసుకోమంటాడు. విమానం గాలికి ఎదురుగా దిగితేనే త్వరగా ఆగుతుంది. తడి రన్‌వే, వెనకగాలి, సగం రన్‌వే దాకా వచ్చి తాకిన చక్రాలు. మర్నాడు పొద్దున మళ్ళీ డ్యూటీ ఎక్కాలన్న తొందర కూడా ఉందని రిపోర్టులో రాశారు. 21 మంది పోయారు, వాళ్ళలో పైలట్లిద్దరూ ఉన్నారు. ఇందులో పగ ఎవరిది?

ఇక అహ్మదాబాద్. ఇది నువ్వు నొచ్చుకునే మాట. 2025 జూన్ 12న అక్కడ లేస్తూనే కూలిన ఎయిర్ ఇండియా విమానాన్ని కథలో పెట్టి, పైలట్ల నోట సంభాషణలు రాశావు. ఎవరు ఏం చేశారో తేల్చేశావు కూడా. ప్రాథమిక రిపోర్టులో ఉన్నది ఇంతే: లేచిన కొన్ని సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధనం స్విచ్‌లు ఒకదాని వెంట ఒకటి, సెకను తేడాతో, ఆపే వైపుకు మారాయి. ఎందుకు ఆపావని ఒకరు అడిగారు, నేను ఆపలేదని ఇంకొకరు అన్నారు. అడిగిందెవరో, బదులిచ్చిందెవరో అందులో రాయలేదు. స్విచ్‌లు మళ్ళీ వేశారు, ఎత్తు లేదు కాబట్టి టైం చాలలేదు. విమానంలో 241 మంది, కింద 19 మంది పోయారు. టీవీల్లో ఆ వారమంతా ఒక పేరు పట్టుకుని ఊగారు. నువ్వు కూడా అదే పేరు పట్టుకున్నావు, ఒక అక్షరం మార్చి. ఆ మనిషి ఇంట్లోవాళ్ళు తెలుగు చదవరనా నీ ధైర్యం? వక్కాకు సంచి పట్టుకుని ఎవరొస్తారో మనకు తెలీదు. ఆ భాగం మొత్తం తీసెయ్, నేను కత్తిరించలేదు, నీ చేత్తోనే తీసెయ్యి.

పావురాలగుట్ట, అదే రాజశేఖరరెడ్డి హెలికాప్టరు కూలిన చోటు, అది కూడా తీసెయ్. అది ప్రయాణం మధ్యలో కొండల్లో జరిగింది, నీ కథలోకి రాదు. మన జిల్లావాళ్ళం కాబట్టి ఆ పేరు పెడితే పాఠకుడి కన్ను చెమ్మగిల్లుతుందని నీకు తెలుసు. తెలిసి పెట్టావని నాకు తెలుసు.

పోయిన నెల ఓర్వకల్లు విమానాశ్రయం దాకా పోయొచ్చాను, ఒక స్నేహితుణ్ణి దింపడానికి. కంచె అవతల విండ్‌సాక్, అంటే గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం, గాలికి నిండుగా నిలబడి ఉంది. కంచె ఇవతల గొర్రెలు మేపుకుంటున్న పిల్లవాణ్ణి ‘విమానం ఎటు నుంచి దిగుతుంది రా’ అని అడిగాను. వాడు విండ్‌సాక్ వైపు చూడనైనా చూడకుండా, పైపంచె కొస గాలికి ఎటు పోతోందో చూసి చెయ్యి చూపించాడు. అరగంటకు విమానం అటు నుంచే వచ్చింది. వాణ్ణి నీకు ఇచ్చేస్తున్నాను, కథలో వాడుకో.

మళ్ళీ రాసేముందు ఒక పని చెయ్యి. మీ నాన్నను అడుగు, బేళ్ళు ఎత్తి పట్టా కట్టాక లారీ నేల నుంచి ఎన్ని అడుగులు వస్తుందో. అంచనా వద్దు, లోడు బండి ఇంటిముందు ఆగినప్పుడు నువ్వే టేపు పట్టుకుని కొలువు. ఆ లెక్క కార్డు ముక్క మీద రాసి పంపు, స్టాంపు సరిగ్గా అంటించి.

ఆశీస్సులతో,
మీ సారు