లిఫ్టర్ ఆన్ చేస్తే తూకం 3 గ్రాములు తగ్గుతోందన్న విజయనగరం సభ్యుడికి

మీ లిఫ్టర్, అంటే పైన సన్న తీగ, కింద రేకు కట్టి వేల వోల్టులు ఇచ్చే తేలికైన త్రికోణం, గురుత్వాకర్షణను తగ్గిస్తోందని (యాంటీగ్రావిటీ) ఎగ్జిబిషన్ చార్టు మీద రాశారు. కానీ తగ్గేది బరువు కాదు, అది అయాన్ గాలి పని. సన్న తీగ దగ్గర పుట్టిన అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) రేకు వైపు ఉరుకుతూ మామూలు గాలిని కూడా కిందికి తోస్తాయి. ఆ ఊపుకే మీ త్రికోణం పైకి లేవబోతోంది. అమెరికన్ ఆవిష్కర్త థామస్ టౌన్సెండ్ బ్రౌన్ 1928లో బ్రిటిష్ పేటెంట్ పొందిన నాటి ఆశే ఈ యాంటీగ్రావిటీ, రహస్య ప్రయోగం ఏమీ కాదు.

ఫ్యాన్ ఆపారు, గంటస్తంభం దగ్గర నగల షాపు నుంచి త్రాసు కూడా తెచ్చారు. బాగుంది. కానీ అందరూ మరిచేది మూత.

1. ముందు కరెంటు తీసేసి, తీగను ఎర్త్‌కు తాకించండి. వేల వోల్టులు, ఆటలొద్దు. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

2. లిఫ్టర్‌ను మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కట్టండి. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. తీగల బెజ్జాలకు టేపు వేయండి.

3. డబ్బా మొత్తాన్నీ త్రాసు మీద పెట్టి, సున్నా చేసి, ఆన్ చేయండి.

ఇప్పుడు గాలి బయటికి పోలేదు. లిఫ్టర్‌ను ఎంత పైకి తోస్తుందో, డబ్బా అడుగును అంతే కిందికి కొడుతుంది. అంకె దాదాపు కదలదు.

ఇంకా కదిలితే తీగలు బిగుసుకున్నాయేమో చూడండి, వదులుగా వేలాడదీయండి. 2018లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఇంధనం లేకుండా మైక్రోవేవ్‌లతోనే తోపు ఇస్తుందన్న ఈఎం డ్రైవ్‌ను పరీక్షించినప్పుడూ అనుమానం చివరికి కేబుళ్ల మీదికే వెళ్లింది.

ఎగ్జిబిషన్ చార్టు మీద 'యాంటీగ్రావిటీ' కొట్టేసి 'అయాన్ గాలి' అని రాయించండి, పక్కనే ఈ డబ్బా పెట్టండి.