నార్వే రాజు ఏడో హాకోన్‌కి అంత గౌరవం ఎందుకు?

ఈయన పుట్టుకతో నార్వే వాడు కాదు, డెన్మార్క్ యువరాజు కార్ల్. 1905లో స్వీడన్ నుంచి విడిపోయిన నార్వే సింహాసనం ఇస్తామంటే, ముందు ప్రజలనే అడగమన్నాడు. రిఫరెండంలో దాదాపు 79 శాతం రాజరికానికే ఓటేశారు. అప్పుడే ఒప్పుకుని హాకోన్ అనే పాత నార్వే పేరు పెట్టుకున్నాడు.

అసలు పరీక్ష 1940 ఏప్రిల్‌లో వచ్చింది. దేశంలోకి చొరబడ్డ జర్మన్లు, తమకు తొత్తుగా ఉన్న నార్వే నాయకుడు క్విస్లింగ్‌ను ప్రధానిని చేయమని పట్టుబట్టారు. నీబెర్గ్‌సుండ్ అనే ఊళ్లో మంత్రులతో హాకోన్ తెగేసి చెప్పాడు: నిర్ణయం మీదే, కానీ మీరు ఒప్పుకుంటే నేను గద్దె దిగిపోతాను. మంత్రులు ఆయన వెంటే నిలబడ్డారు. మర్నాడే ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. 67 ఏళ్ల రాజు మంచులో, చెట్ల మధ్య తలదాచుకున్నాడు. నా దృష్టిలో ఆయన పాలనంతటిలో గొప్ప ఘట్టం ఇదే.

జూన్ 7న లండన్ బయల్దేరాడు. అక్కడి నుంచి బీబీసీ రేడియోలో మాట్లాడుతుంటే నార్వేలో జనం గోడల మీద ఆయన గుర్తు ‘హెచ్ 7’ గీసేవారు. సరిగ్గా అయిదేళ్లకు, 1945 జూన్ 7న తిరిగొచ్చాడు. 1957లో చనిపోయేదాకా ఆయనే రాజు, తర్వాత కొడుకు ఓలావ్.