తుంటి కీలు: చిన్న వయసులో ఆపరేషన్ తప్పనప్పుడు ఏది పెట్టించుకోవాలి?

ప్రశ్న: నా వయసు 37. కొవిడ్ వచ్చినప్పుడు స్టెరాయిడ్లు వాడారు. ఏడాది తర్వాత కుడి గజ్జల్లో నొప్పి మొదలైంది. ఎమ్మారై తీసి ఏవీఎన్ (రక్తం అందక ఎముక చచ్చిపోవడం) అన్నారు. కుడివైపు తొడ ఎముక పైనుండే బంతి కుంగిపోయిందట, ఎడమవైపు ఇంకా తొలి దశేనట. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే రీసర్ఫేసింగ్ చేయించుకుని మళ్లీ ఆడాడు కదా. నేనూ అదే చేయించుకోవచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముర్రే 2019 జనవరిలో ఆపరేషన్ చేయించుకుని, అదే ఏడాది అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచిన మాట నిజమే. కానీ ఆయనది అరిగిపోయిన కీలు. మీకు బంతి లోపల ఎముకే చనిపోతోంది. ఈ తేడాయే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం.

మామూలు తుంటి మార్పిడిలో తొడ ఎముక పైనున్న బంతిని మెడ దగ్గర కోసి తీసేస్తారు. ఎముక గొట్టంలోకి టైటానియం స్టెమ్ (కాడ) దించి, దాని మీద కొత్త బంతి కూర్చోబెడతారు. రీసర్ఫేసింగ్‌లో బంతి అలాగే ఉంటుంది. పైపైన కొన్ని మిల్లీమీటర్లు చెక్కి, కోబాల్ట్ క్రోమియం టోపీని సిమెంట్‌తో తొడుగుతారు. కటి ఎముక గుంటలో కూడా అదే లోహపు కప్పు బిగిస్తారు. ఎముక మిగులుతుందన్నది దీని పెద్ద ఆకర్షణ. అయితే ఆ టోపీ నిలబడేది మిగిలిన ఆ ఎముక మీదే. చచ్చిన భాగం బంతిలో దాదాపు మూడో వంతు దాటినా, గీకి తీశాక సెంటీమీటరు కంటే పెద్ద గుంట పడినా టోపీకి కింద ఆధారం ఉండదు. ఒకట్రెండేళ్లలో అది వదులవుతుంది, లేదా మెడ విరుగుతుంది. అందుకే ఎమ్మారైలో ఒక్క చిత్రం చూపిస్తే సరిపెట్టుకోకండి. చచ్చిన భాగం మొత్తం ఎంతుందో, ఎమ్మారై చిత్రాలన్నిటిలోనూ కొలిచి చెప్పమని అడగండి.

ఎముక బాగున్నవాళ్లలోనూ వందమందిలో ఒకరిద్దరికి మెడ విరుగుతుంది. అదీ ఎక్కువగా తొలి ఆరు నెలల్లోనే. చెక్కేముందు బంతి మధ్యలోంచి మెడలోకి ఒక సన్నటి తీగ దించుతారు. అది రవ్వంత పక్కకు ఒరిగితే, గుండ్రంగా తిరిగే కోత పరికరం మెడ పైఅంచును గీరుతుంది. ఆ గాటు దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది. టోపీ లోపలికి వాలినట్టు కూర్చున్నా అంతే. ఇది సర్జన్ చేతి అలవాటు మీద ఆధారపడిన ఆపరేషన్. ‘ఏడాదికి ఎన్ని రీసర్ఫేసింగ్‌లు చేస్తారు?’ అని అడగడానికి మొహమాటపడకండి.

బంతి కుంగిపోయింది అంటున్నారు కాబట్టి, కుడివైపు మీకు సిమెంట్ లేని మామూలు మార్పిడే మేలని మా అభిప్రాయం. ఎడమవైపు మాత్రం ఆలస్యం చేయకండి. బంతి కుంగకముందే లోపల రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే కోర్ డికంప్రెషన్‌తో సొంత కీలు నిలిచే అవకాశం ఉంది. కుంగాక ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. మద్యం అలవాటుంటే ఇవాళే మానేయండి, ఏవీఎన్‌కు అదీ ఒక పెద్ద కారణమే.

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పుట్టుకతోనే తుంటి జారి ఉంది, కుడికాలు పొట్టి. ఇంకా పిల్లలు కావాలి. రీసర్ఫేసింగ్ వద్దు, సిరామిక్ పెట్టించుకోండి అంటున్నారు. ఎందుకు వద్దు? సిరామిక్‌లో మళ్లీ రెండు రకాలట, ఏది మంచిది?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దన్న మాట సరైనదే. బర్మింగ్‌హామ్‌లో సర్జన్ డెరెక్ మెక్‌మిన్ రూపొందించి 1997లో వాడుకలోకి తెచ్చిన బీహెచ్‌ఆర్ అనే రీసర్ఫేసింగ్ కీలు ఈ తరహాలో అన్నిటికంటే పేరున్నది. దాన్ని తయారుచేసే స్మిత్ అండ్ నెఫ్యూ కంపెనీయే 2015లో 46 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్న సైజు టోపీలను ఉపసంహరించింది, స్త్రీలకు వాడవద్దని చెప్పింది. స్త్రీల తుంటి బంతి సాధారణంగా చిన్నది. టోపీ చిన్నదైతే దాన్ని కప్పే కప్పు కూడా చిన్నదవుతుంది. రెండు లోహపు తలాల మధ్య ఉండాల్సిన పలచటి ద్రవపు పొర తెగి, కప్పు అంచు మీదే బరువు పడుతుంది. అక్కడ లోహం పొడిగా రాలి, చుట్టూ ఉన్న కండను తినేస్తుంది. ఆ కోబాల్ట్, క్రోమియం రక్తంలోనూ కలుస్తాయి, గర్భంలో మాయను దాటి బిడ్డకూ చేరతాయి. పిల్లలు కావాలనుకునే మీకు ఈ ఒక్క కారణమే చాలు. లోహం లేకుండా పూర్తిగా సిరామిక్‌తో చేసిన రీసర్ఫేసింగ్ కీళ్లు కొన్ని దేశాల్లో వచ్చాయి. స్త్రీలకు అవి నిజంగానే ఆశ కలిగించేవే. కాకపోతే వాటికి ఇరవై ఏళ్ల లెక్కలు రావడానికి ఇంకా సమయం పడుతుంది.

ఇక సిరామిక్ సంగతి. బంతి రెండు రకాల్లోనూ సిరామిక్‌దే, లేత గులాబీ రంగులో ఉంటుంది. అది తిరిగే లైనర్‌లోనే, అంటే కప్పు లోపలి పొరలోనే తేడా. ఒకటి ప్రత్యేకంగా గట్టిపరచిన పాలిథీన్ లైనర్, రెండోది సిరామిక్ లైనర్. పాత పాలిథీన్ ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు దాకా అరిగేది. గట్టిపరచిన పాలిథీన్ అందులో సగం కూడా అరగదు. సిరామిక్ మీద సిరామిక్ అరుగుదల ఇంకా తక్కువ. కానీ కప్పు కోణం కాస్త తేడా వస్తే నడిచేటప్పుడు కీచుమని చప్పుడు రావచ్చు, అరుదుగా పగలొచ్చు. పగిలితే ముక్కలన్నీ ఏరినా కంటికి కనపడని రవ్వలు మిగిలిపోతాయి. తర్వాత అక్కడ లోహపు బంతి పెడితే ఆ రవ్వలు దాన్ని గరుకు కాగితంలా అరగదీస్తాయి, మళ్లీ సిరామిక్కే పెట్టాలి.

పుట్టుకతో జారిన తుంటిలో కటి గుంట లోతు తక్కువ, కప్పును సరైన కోణంలో కూర్చోబెట్టడమే కష్టం. కోణంలో చిన్న తేడాను పాలిథీన్ ఓర్చుకుంటుంది, సిరామిక్ ఓర్చుకోదు. అందుకని మీకు 32 మిల్లీమీటర్ల సిరామిక్ బంతి, గట్టిపరచిన పాలిథీన్ లైనర్ కలయికే మేలనిపిస్తోంది. ఏది పెట్టినా, బంతిని స్టెమ్ కొన మీద కూర్చోబెట్టేముందు ఆ కొనను రక్తం చుక్క, కొవ్వు, ఎముక పొడి లేకుండా తుడిచి ఆరబెట్టాలి. అక్కడ ఇరుక్కున్న చిన్న రవ్వ కూడా సిరామిక్ పగలడానికి కారణమవుతుంది.

ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. మీలాంటివాళ్లకు తొడ ఎముక గొట్టం సన్నగా, మెలితిరిగి ఉంటుంది. కాలు పొడవు ఒక్కసారే 4 సెంటీమీటర్లు మించి పెంచితే సయాటిక్ నరం సాగి పాదం వాలిపోయే ప్రమాదం ఉంది. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే తొడ ఎముకను కొంత కోసి పొట్టి చేస్తారు. కాళ్లు రెండూ పూర్తిగా సమానం కాకపోవచ్చని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: 2008లో హైదరాబాద్‌లో లోహపు రీసర్ఫేసింగ్ చేయించుకున్నాను. ఇప్పుడు 54 ఏళ్లు, న్యూజెర్సీలో ఉంటున్నాను. నొప్పి ఏమీ లేదు. పరీక్షలు అవసరమా?
– ఓ పాఠకుడు

జవాబు: అవసరం. నొప్పి లేకుండానే లోపల కండ దెబ్బతినడం ఈ కీళ్లలో మామూలే. ముందుగా మీకు పెట్టింది ఏ కంపెనీదో, ఏ సైజుదో తెలుసుకోండి. డిప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ అనే కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. దాని కప్పు లోతు తక్కువ కావడంతో అంచు మీద బరువు పడి త్వరగా అరిగింది. మనదేశంలోనూ అది చాలామందికి పెట్టారు. పాత డిశ్చార్జి కాగితాలు, బిల్లులు వెతకండి. లేకపోతే ఆస్పత్రికి రాసి ఆపరేషన్ నోట్స్ అడగండి.

రక్తంలో కోబాల్ట్, క్రోమియం రెండూ చూపించుకోండి. సూది లోహం కలవకుండా మొదటి ట్యూబు రక్తం వదిలేసి, ఆ తర్వాతది సూక్ష్మ లోహాల కోసం ఉండే ప్రత్యేక ట్యూబులో తీయించాలి. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2010లో లీటరుకు 7 మైక్రోగ్రాములను హెచ్చరిక గీతగా పెట్టింది. అది దాటితే మూడు నెలల్లో మళ్లీ చేయించి, లోహం నీడను తగ్గించే పద్ధతిలో ఎమ్మారై తీయాలి. అంతకంటే తక్కువ వచ్చినా, అంకె పెరుగుతూ పోతుంటే పట్టించుకోవాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి. ఈ లోహాలు బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. గజ్జల్లో గడ్డలా తగలడం, తుంటి చప్పుడు, కొత్తగా చెవుడు, కాళ్లలో తిమ్మిర్లు కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. మార్చాల్సి వస్తే కండ చెడకముందే మార్చాలి. అప్పుడే బాగా నడవగలరు.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా? మాకు పొలం పని తప్పదు.
– ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: మొదటి మూడు నెలలు వద్దు. తుంటిని 90 డిగ్రీలు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. బంతి జారేది ఎక్కువగా ఈ మూడూ కలిసినప్పుడే. మంచానికి ఇటుకలు పెట్టి ఎత్తు పెంచండి, కమోడ్ కుర్చీ కొనుక్కోండి. ఆ తర్వాత బాసింపట్టు వేయొచ్చో లేదో మీ సర్జన్ కప్పు కోణం చూసి చెప్పాలి. మోకాళ్లు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి చాలామందికి కుదురుతుంది. గొంతుక్కూర్చుని కలుపు తీయడం మాత్రం మానుకోండి, ముక్కాలిపీట ఎత్తుగా చేయించుకోండి. బస్తాలు మోయడం పూర్తిగా వద్దు. ఆపరేషన్‌కు ముందే పుచ్చిన పళ్లు, కాలి పగుళ్లు బాగుచేయించుకోండి, కీలుకు చీము పట్టేది వాటి ద్వారానూ. ఇంటికి వచ్చేటప్పుడు ఇంప్లాంట్ పెట్టెల మీది స్టిక్కర్లు, అంటే కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్నవి, డిశ్చార్జి కాగితం మీద అతికించమని అడిగి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.