క్లాసులో వేసిన ప్రతి బొమ్మా ఇంట్లో చూపించాలా?

ప్రశ్న: నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేదాన్ని. ఏ బొమ్మ చూసినా అచ్చం అలాగే దించేసేదాన్ని. తర్వాత పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం... పాతికేళ్ళు పెన్సిల్ ముట్టుకోలేదు. మూడు నెలల క్రితం మిక్స్‌డ్ మీడియా పెయింటింగ్ క్లాసులో చేరాను. ప్రతి ఆదివారం మూడు గంటలు. అక్కడ కాగితాలు చింపి అంటించమంటారు, పైన రంగు పూయమంటారు, మళ్ళీ గీకెయ్యమంటారు. తోటివాళ్ళు హాయిగా చేసేస్తున్నారు. నాకేమో చెయ్యి ఆడదు. పోయిన వారం, నేను ఎంతో కష్టపడి వేసిన బొమ్మని ‘సగం జెస్సోతో కప్పేయండి, ఏం మిగులుతుందో చూద్దాం’ అన్నారు టీచర్. జెస్సో అంటే తెల్లటి పూత. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. ఇంటికి తెచ్చినవి చూసి మావారు ‘ఇంతకీ ఇదేంటి?’ అంటారు. మా అమ్మాయి ‘చిన్నపిల్లల క్రాఫ్టులా ఉందమ్మా’ అని నవ్వింది. మా అత్తగారు ఏమీ అనరు గానీ, నేను బయల్దేరేటప్పుడు గడియారం వంక చూస్తారు. త్వరలో క్లాసు వాళ్ళు ప్రదర్శన కూడా పెడతారట. స్వేచ్ఛ కోసం చేరిన చోట కూడా టెన్షనే అయితే ఎందుకు? మానేయనా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. అలాగని బొమ్మలు వేస్తే బాధలన్నీ తీరిపోతాయని నేను చెప్పబోవడం లేదు. మీ ఉత్తరంలో మూడు చిక్కులున్నాయి. అవన్నీ ఒకే ముడిలా కనబడటం వల్ల మానేయడమే దారి అనిపిస్తోంది. క్లాసులో చెయ్యి ఆడకపోవడం ఒకటి, ఇంట్లో వాళ్ళ మాటలు ఇంకొకటి, ఆదివారం మూడు గంటలు వేరే సంగతి.

ముందు క్లాసు. చూసింది చూసినట్టు దించడం చిన్న విద్యేమీ కాదు. కాకపోతే అందులో జవాబు మీ ఎదురుగానే ఉంటుంది. ముక్కు వంకర పోయిందో లేదో ఎవరైనా చెప్పగలరు. మీ ఉద్యోగమూ అలాంటిదే, లెక్క కుదిరిందా లేదా అన్నది సాయంత్రానికల్లా తేలిపోతుంది. ఈ క్లాసులో పోల్చి చూడటానికి అసలు బొమ్మే లేదు. మరి నేను చేసింది సరైనదేనని ఎవరు చెప్పాలి? క్లాసులో ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఆ మార్కులు మీరు ఇంట్లో అడుగుతున్నారు. ఇంట్లో వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి మీ బొమ్మలు చూస్తున్నారని మీరు రాయలేదు. తెచ్చి చూపిస్తున్నది మీరే అని నాకు అనిపిస్తోంది.

మీవారు ‘ఇదేంటి’ అని అడగడంలో వెటకారం ఉందో లేదో నేను చెప్పలేను. నిజంగానే తెలియక అడిగి ఉండొచ్చు. చిరిగిన టిష్యూ పేపరు మీద నీలం రంగు చూసి ఏమనాలో చాలామందికి తెలియదు. కానీ ఆ ప్రశ్న మీ చెవికి ‘తప్పు’ అన్నట్టు వినిపిస్తోంది. మళ్ళీ ఆదివారం కాగితం చింపబోతుంటే అదే చెవిలో మోగుతుంది. చెయ్యి ఆడనిది అందుకే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో ఒక ప్రయోగం జరిగింది, దాని ఫలితాలు 1973లో వెలువడ్డాయి. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. రెండో జట్టుకి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత అవే పెన్నుల్ని ఊరికే అక్కడ పెట్టి చూశారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు వాటి దగ్గర గడిపిన సమయం మిగతా వాళ్ళు గడిపిన దాంట్లో దాదాపు సగమే. ఇష్టంగా చేసే పని ఒకసారి మెప్పు కోసం చేసే పనిగా మారితే ఇష్టం తగ్గిపోతుందన్నమాట. నర్సరీ పిల్లల సంగతి మీకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ చిన్నప్పుడు ‘ఎంత బాగా దించావే!’ అన్న మాట మీరెన్నిసార్లు విని ఉంటారో, దాని కోసం ఎన్ని బొమ్మలు వేసి ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి.

కాబట్టి నా మొదటి సలహా: కొన్నాళ్ళు ఇంట్లో ఎవరికీ చూపించకండి. అలిగినట్టు కాదు, మామూలుగా చెప్పండి: ‘ఇవి ఇంకా నేర్చుకుంటున్నవి, ఇప్పుడప్పుడే చూపించను.’ వీలైతే క్లాసులోనే వదిలి రండి. లేదంటే బీరువాలో పెట్టండి. ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం కూడా చూపించడం కిందే లెక్క! బాగున్నాయని మీకు అనిపించినవి కూడా చూపించొద్దు. అవి చూపించడం మొదలుపెడితే ఏవి చూపించదగ్గవి, ఏవి కావు అన్న లెక్క మళ్ళీ మొదలవుతుంది.

మీ అమ్మాయి క్రాఫ్టు అన్నదానికి సమాధానం కావాలంటే ఉంది. 1912లో పికాసో, కుర్చీ అల్లికను అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని తన బొమ్మలో అంటించి, చుట్టూ ఫ్రేముకి బదులు తాడు కట్టాడు. అదే ఏడాది ఫ్రెంచ్ చిత్రకారుడు బ్రాక్ చెక్క నమూనా ఉన్న వాల్‌పేపర్ ముక్కలు కత్తిరించి తన గీతల మధ్య అంటించాడు. మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ అయింది. ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) ముందు ఎక్కువసేపు నిలబడలేని పరిస్థితి. తర్వాతి కాలంలో ఆయన సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తుంటే కత్తెరతో కత్తిరించి బొమ్మలు చేశాడు. ఇదంతా అమ్మాయికి పాఠంలా అప్పజెప్పకండి, ఇంకా నవ్వుతుంది. మీకు తెలిసి ఉంటే చాలు.

ఇక జెస్సో సంగతి. అది రంగు వేయడానికి ముందు కాన్వాస్‌కి పూసే తెల్లటి పూత. ఆరాక కొంచెం గరుకుగా ఉండి, పైన వేసే రంగుని పట్టి ఉంచుతుంది. మీరు వేసింది అక్రిలిక్ అయి, పూర్తిగా ఆరిపోయి ఉంటే జెస్సో పడినంత మాత్రాన కరిగిపోదు. పల్చగా పూస్తే కింది బొమ్మ మసగ్గా కనబడుతూనే ఉంటుంది. తడి మీద ఉండగానే గుడ్డతో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. మీ టీచర్ ఇది మీకు చెప్పారో లేదో గానీ, చెప్పి ఉండాల్సింది. చెప్పినా కప్పాలనిపించకపోతే కప్పకండి. ‘ఇది ఇలాగే ఉంచుకుంటానండీ, ఇంకోటి చేసి దాని మీద కప్పుతాను’ అనండి. ఇంకో ఉపాయం కూడా ఉంది. మీ బొమ్మకి లేజర్ ప్రింటర్ మీద నకలు తీసి, దాన్ని చింపండి, అంటించండి, కప్పండి. ఇంక్‌జెట్ ప్రింటు వద్దు, తడి తగలగానే చాలావాటిలో రంగు పాకిపోతుంది. అసలు బొమ్మ భద్రంగా ఉందన్న ధీమా ఉంటే చెయ్యి దానంతటదే తెగిస్తుంది.

మీలాంటి పొందికైన మనుషులకి ‘మీ ఇష్టం వచ్చినట్టు చేయండి’ అన్నంత కష్టమైన మాట ఇంకోటి ఉండదు. బల్ల నిండా రంగులు, కాగితాలు, స్టెన్సిళ్ళు, పేస్టులు ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. అందుకని మీ చుట్టూ మీరే గీత గీసుకోండి. వచ్చే ఆదివారం రెండు రంగులు, తెలుపు, ఒక్క రకం కాగితం. కత్తెర ముట్టుకోవద్దు, చేత్తోనే చింపండి. కత్తెర చేతిలో ఉంటే మీరు అంచులు సరిచేస్తూ కూర్చుంటారు.

టిష్యూ పేపరుతో మొదలుపెడితే మంచిది. అట్ట మీద మాట్ మీడియం (జిగురులా పట్టే, ఆరాక మెరవని అక్రిలిక్ ద్రవం) పూసి, టిష్యూని పరిచి, పైన మళ్ళీ మీడియం పూయండి. ఎంత జాగ్రత్తగా పరిచినా అది ముడతలు పడుతుంది. సరిచేయకండి. బాగా ఆరనిచ్చి, ముదురు రంగుని కాస్త నీళ్ళతో పల్చన చేసి పూసి, ఆరేలోపే గుడ్డతో తుడిచేయండి. రంగు ముడతల సందుల్లో నిలిచిపోయి, సన్నటి గీతలు బయటపడతాయి. వాటిలో ఒక్కటీ మీరు గీసింది కాదు. ఆ గీతల్లో ఏది ఉంచాలి, దేని మీద రంగు వేయాలి అన్నది మాత్రం మీ చేతిలో ఉంటుంది. మీరు వెతుకుతున్న స్వేచ్ఛ నాకు తెలిసినంతలో ఈ చిన్న ఎంపికలోనే ఎక్కువగా దొరుకుతుంది.

తోటివాళ్ళు హాయిగా చేస్తున్నారని రాశారు. వాళ్ళ లోపల ఏముందో మనకేం తెలుసు! అమెరికాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్ళ చేత ముప్పావు గంట సేపు రంగులు, మట్టి, కొలాజ్ (కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మ) లాంటి వాటితో నచ్చింది చేయించి, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కొలిచారు. దాదాపు ముప్పావు వంతు మందిలో అది తగ్గింది. అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. మిగతా పావు వంతులో తగ్గలేదన్న సంగతి మరిచిపోకండి. అందరికీ అన్ని రోజులూ ఇది హాయినివ్వదు.

మీ కన్నీళ్ళ గురించి ఒక్క మాట. అవి ఆ ఒక్క బొమ్మ కోసం వచ్చాయని నేననుకోను. పాతికేళ్ళకి మీకోసం మీరు చేసుకున్న మొదటి పని అది, దాన్నీ సగం కప్పేయమన్నారు. ఏడుపు రావడంలో వింత లేదు. కానీ ఆఫీసులోనూ, ఇంట్లోనూ ఇలాగే ఊరికే ఏడుపు వస్తున్నా, రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోతున్నా, దేని మీదా ఆసక్తి లేకపోతున్నా డాక్టర్‌ని కలవండి. పెయింటింగ్ క్లాసు వైద్యానికి బదులు కాదు.

ఇప్పుడు ఆ మూడు గంటల సంగతి. దీన్ని బొమ్మ బాగుందా లేదా అన్నదానితో కలపొద్దు. కలిపితే బొమ్మ బాగా వచ్చిన వారమే మీకు వెళ్ళే హక్కు ఉన్నట్టు అవుతుంది. మీవారితో తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: ‘ఆదివారం ఆ మూడు గంటలు నేను ఇంట్లో ఉండనండీ. అప్పటి పనులు మీరూ అమ్మాయీ చూసుకోండి.’ అడుగుతున్నట్టు కాకుండా చెబుతున్నట్టు చెప్పండి. అత్తగారు గడియారం చూడటం నేరమేమీ కాదు. మీరు లేనప్పుడు ఆవిడకి ఏదైనా ఇబ్బంది అవుతోందేమో, లేదా ఎప్పుడొస్తారో తెలియక చూస్తున్నారేమో. ‘ఫలానా టైముకి వచ్చేస్తానత్తయ్యా, ఈలోపు ఏం కావాలన్నా ఆయన్ని అడగండి’ అని చెప్పి బయల్దేరండి. ఆ చూపుకి మీరు కల్పించుకున్న అర్థాల్లో సగం అక్కడితో పోతాయి.

ఇవన్నీ చేసి రెండు నెలలు చూడండి. అప్పటికీ శనివారం రాత్రి నుంచే గుండెల్లో బరువు మొదలవుతుంటే, లేదా టీచర్ నలుగురిలో చిన్నబుచ్చుతుంటే మానేయండి. మీకు నిజంగా ఇష్టమైనది అచ్చం దించడమే అని తేలితే ఆ విద్య నేర్పే క్లాసుకి మారండి, అదీ మీ ఎంపికే. మిక్స్‌డ్ మీడియా వేస్తేనే స్వేచ్ఛ ఉన్నట్టు అని ఎక్కడా లేదు.

ప్రదర్శన విషయం మాత్రం టీచర్‌ని ఇప్పుడే అడగండి. పెట్టి తీరాలా, పేరు లేకుండా పెట్టొచ్చా అని. పెట్టనంటే వాళ్ళు చేసేదేమీ లేదు. ఒకవేళ పెట్టాలనిపిస్తే, ఆ బొమ్మలో న్యూస్‌పేపరు ముక్కలు నేరుగా అంటించకండి. కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారిపోతాయి. వాటి లేజర్ నకలు మంచి కాగితం మీద తీసి వాడుకోండి.