ఫోన్‌లో ఆడుకుంటే ఇంటిల్లిపాదీ తప్పుపడుతున్నారు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 41. రాత్రి వంటిల్లు సర్దేశాక ఫోన్‌లో క్యాండీ క్రష్, అదే ఒకే రంగు మిఠాయి బొమ్మల్ని జరిపి మూడేసి కలిపే ఆట, ఆడతాను, ఒక్కోసారి పదకొండు దాటిపోతుంది. మా ఆయన ‘పనీపాటా లేనివాళ్ళ ఆట’ అంటారు, ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు మాత్రం గంటసేపు నింపుతారు. బరంపురంలో ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి ‘అదసలు గేమే కాదమ్మా, అంతా లక్కు’ అని నవ్వుతాడు. మా అత్తగారు ఒక్కరే నా పక్కన కూర్చుని చూస్తారు. మొన్న ఒక లెవెల్ దాటక ఎవరికీ చెప్పకుండా నాలుగుసార్లు డబ్బు కట్టాను. బ్యాంకు మెసేజ్ ఆయన ఫోన్‌కి వెళ్ళి పెద్ద గొడవైంది. నాకిది వ్యసనమైపోయిందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి వ్యసనం అనలేనమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉన్నమాట నిజమే, 2022 నుంచి అది అమల్లో ఉంది. కానీ ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు సాగితేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. మీరు వంటిల్లు సర్దాకే ఫోన్ పట్టుకుంటున్నారు.

మీ ఇంట్లో ఒకే ఆటకి నలుగురూ నాలుగు రకాలుగా మార్కులేస్తున్నారు, గొడవంతా అక్కడే ఉంది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే రిచర్డ్ బార్టిల్ అనే ఆయన 1996లో ఆటగాళ్ళని నాలుగు రకాలుగా విడదీశాడు: పైపైకి ఎక్కాలనుకునేవాళ్ళు, కొత్తవి వెతికేవాళ్ళు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు, ఎదుటివాణ్ణి ఓడించాలనుకునేవాళ్ళు. ఆయన రాసింది కంప్యూటర్లో పదిమంది కలిసి ఆడే ఆటల గురించే అయినా మీ ఇంటికీ చాలావరకు సరిపోతుంది. మీ అబ్బాయికి ఎదురుగా ఒకడుండాలి, వాడు ఓడాలి, అది లేకపోతే వాడికి గేమే కాదు. లక్కు అన్నమాట సగం నిజమే, పైనుంచి ఏ రంగు పడుతుందో మీ చేతిలో లేదు. అయితే పేకాటలో పడే ముక్క మాత్రం ఎవరి చేతిలో ఉంది? వాడితో వాదించకండి, ఎలాగూ నాలుగు రోజుల్లో హాస్టల్‌కి వెళ్ళిపోతాడు.

మీ అత్తగారి సంగతి నాకు భలే నచ్చింది. బయట బోర్డులన్నీ ఒడియా, ఇంట్లో మాట తెలుగు, ఫోన్ నిండా ఇంగ్లీషు. ఈ ఆటకి ఆ మూడింట్లో ఏదీ అక్కర్లేదు, రంగులు తెలిస్తే చాలు. ‘ఆ ఎర్రది ఇటు జరుపమ్మా’ అనడానికి ఆవిడకి ఒక మనిషి దొరికారు. ఆవిడ ఆటని మెచ్చుకుంటున్నారో, మీ పక్కన కూర్చోవడాన్ని మెచ్చుకుంటున్నారో నన్నడిగితే రెండోదే అంటాను.

ఇక మీ ఆయన. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. గళ్ళనుడికట్టు నిండిపోతే అయిపోయినట్టే, మళ్ళీ వచ్చే ఆదివారం దాకా ఆగాలి. జాష్ వార్డిల్ 2021లో అందరి ముందుకు తెచ్చిన వర్డిల్ అనే మాట కనిపెట్టే ఆట కూడా అంతే, రోజుకి ఒక్కటే మాట. మీ ఆటకి ఆ చివర అనేది లేదు. ఓడినప్పుడల్లా ఒక లైఫ్ పోతుంది, అయిదు లైఫ్‌లు అయిపోతే అరగంటకొకటి చొప్పున తిరిగొస్తాయి, అంతసేపు ఆగలేనివాళ్ళ దగ్గర డబ్బడుగుతుంది. మీరు డబ్బు కట్టిన నాలుగుసార్లూ, నా అనుమానం, ఇంకో ఒకటి రెండు మూవ్స్‌లో, అంటే ఎత్తుల్లో, గెలిచేసేదాన్నే అనిపించినప్పుడే అయివుంటుంది. సరిగ్గా అప్పుడే ఇంకో అయిదు మూవ్స్ కొనుక్కోమంటుంది. అది మీ బలహీనత కాదు, దాన్ని తయారుచేసిందే అలా. దాచడం మాత్రం మీరు చేసిందే. ఆయన కోపం ఆట మీదకంటే ఆ మెసేజ్ మీదే ఎక్కువని నాకనిపిస్తోంది.

అందుకని ముందు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, ఆ పాస్‌వర్డ్ ఆయన్నే పెట్టమనండి. మొత్తం ఎంత కట్టారో ఆయన అడగకముందే మీరే చెప్పేయండి. ఆ తర్వాత ‘ఈ అరగంట నా బుర్రకి విశ్రాంతి’ అంటే వినే ఓపిక ఆయనకి వస్తుంది, ఇప్పుడు రాదు.

పదకొండు దాటుతోందని ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, దాని గురించి మళ్ళీ రాయండి. ఆడుతూ ఉండిపోవడం వల్ల నిద్ర ఆలస్యమవుతోందా, నిద్ర పట్టకే ఆడుతున్నారా? రెండోదైతే ఎంతకాలంగా, ఏ ఆలోచనలతో నిద్ర పట్టడం లేదో కూడా రాయండి.